క్రిస్మస్ మర్నాడు సునామీ, ఈస్టర్ ఉదయం బాంబులు: చెడు, నరకం, మనిషి స్వేచ్ఛ గురించి క్రైస్తవం ఏం చెబుతోంది?

శ్రీలంక తూర్పు తీరంలోని బట్టికలోవా పట్టణం రెండు ఆదివారాలను మరిచిపోలేదు.

మొదటిది 2004 డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాడు. ఆ ఉదయం సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. సునామీలో ఒక్క శ్రీలంకలోనే 30 వేల మందికి పైగా చనిపోయారు. తమిళనాడులో క్రిస్మస్ కోసం వేళాంగణి మాత క్షేత్రానికి వచ్చిన యాత్రికులు వందల సంఖ్యలో ఒడ్డునే కొట్టుకుపోయారు. ఆంధ్రప్రదేశ్ తీరంలోనూ నూరు మందికి పైగా ప్రాణాలు పోయాయి.

రెండోది 2019 ఏప్రిల్ 21, ఈస్టర్ పండుగ. కొలంబోలోని సెయింట్ ఆంథోనీ, నెగొంబోలోని సెయింట్ సెబాస్టియన్, బట్టికలోవాలోని జియాన్ చర్చిలతో పాటు కొలంబోలోని మూడు పెద్ద హోటళ్ల మీద ఆత్మాహుతి దాడులు జరిగాయి. 260 మందికి పైగా మరణించారు. జియాన్ చర్చి దగ్గర చనిపోయిన వాళ్లలో చాలామంది పిల్లలు. సండే స్కూలు అయిపోయి, ఆరాధన మొదలయ్యే లోపు బయట ఆవరణలో ఉన్నవాళ్లు.

రెండూ పండుగ రోజులే. రెండుసార్లూ ఇళ్లలో ఏడుపు ఒక్కటే. కానీ మొదటి దుర్ఘటనకు నిందించడానికి మనిషి లేడు. రెండోదాన్ని మనుషులు కూర్చుని, పథకం వేసి, తేదీ చూసి మరీ చేశారు.

దేవుడు మంచివాడు, సర్వశక్తిమంతుడు అని నమ్మే క్రైస్తవానికి ఈ రెండు ఆదివారాలూ రెండు వేర్వేరు ప్రశ్నలు వేస్తాయి. ఇలాంటివి ఆయన ఎందుకు జరగనిచ్చాడు? ఇలాంటివి చేసిన వాళ్లను ఆయన చివరికి ఏం చేస్తాడు? మొదటిది చెడు గురించి, రెండోది నరకం గురించి. ఆశ్చర్యం ఏమిటంటే, రెండింటికీ చర్చిలలో ఎక్కువగా వినిపించే జవాబు ఒకటే: మనిషికి దేవుడు ఇచ్చిన స్వేచ్ఛ.

ఆ ఒక్క మాట ఇంత బరువు మోయగలదా? దాదాపు రెండు వేల ఏళ్లుగా క్రైస్తవ ఆలోచనాపరుల మధ్య నడుస్తున్న వాదన ఇదే.

చెడు ఒక వస్తువు కాదు, ఒక లోటు

దేవుడు చెడును ఆపాలనుకుని ఆపలేకపోతే ఆయన శక్తిమంతుడు కాడు. ఆపగలిగీ ఆపకపోతే మంచివాడు కాడు. మరి చెడు ఎక్కడి నుంచి వచ్చింది? గ్రీకు తత్వవేత్త ఎపిక్యురస్ పేరు మీద చెప్పుకొనే ఈ చిక్కుముడి క్రైస్తవం కంటే పాతది.

క్రైస్తవంలో దీనికి ఎక్కువ ప్రభావం చూపిన జవాబు ఉత్తర ఆఫ్రికాకు చెందిన బిషప్ సెయింట్ అగస్టీన్ (354-430) నుంచి వచ్చింది. యువకుడిగా ఉన్నప్పుడు ఆయన మానిచేయుల మతంలో ఉన్నారు. వెలుగు, చీకటి అనే రెండు శక్తులు లోకంలో పోరాడుతుంటాయని ఆ మతం నమ్మేది. దాన్ని వదిలేసిన తర్వాత అగస్టీన్ వేరే దారి పట్టారు. చెడు అనేది విడిగా ఉనికి ఉన్న పదార్థం కాదని, ఉండాల్సిన మంచి లేకపోవడమేనని ఆయన వాదించారు. చిల్లు కుండలో ఒక భాగం కాదు, కుండకు వచ్చిన లోటు. అలాగే చెడును దేవుడు తయారు చేయలేదు. స్వేచ్ఛ ఉన్న జీవులు మంచి నుంచి పక్కకు తిరగడం వల్ల అది పుట్టింది.

ఈ జవాబు ఈస్టర్ దాడులకు సరిగ్గా అతుకుతుంది. దాడి చేసినవాళ్లలో పలువురు బాగా చదువుకున్నవాళ్లని, ఆర్థికంగా స్థిరపడిన కుటుంబాల వాళ్లని శ్రీలంక ప్రభుత్వమే అప్పట్లో చెప్పింది. ఆకలి వాళ్లను అటు నెట్టలేదు. జియాన్ చర్చి దగ్గర, అనుమానం వచ్చి ఆ వ్యక్తిని లోపలికి రానివ్వకుండా అడ్డుకున్న చర్చి సభ్యుడు ఒకరు అక్కడే చనిపోయారు. ఒకే ఆవరణలో, ఒకే నిమిషంలో ఇద్దరు మనుషులు రెండు నిర్ణయాలు తీసుకున్నారు. ఒకరు చంపడానికి, ఒకరు కాపాడటానికి. రెండోవాడి త్యాగానికి విలువ ఉండాలంటే మొదటివాడి నేరానికి కూడా అవకాశం ఉండాల్సిందేనని స్వేచ్ఛావాదులు అంటారు.

20వ శతాబ్దంలో ఈ వాదన మళ్లీ పదునెక్కింది. మంచి దేవుడు, చెడు ఉన్న లోకం అనే రెండు మాటలూ తర్కం ప్రకారం కలిసి ఉండలేవని ఆస్ట్రేలియా తత్వవేత్త జె.ఎల్.మ్యాకీ 1955లో వాదించారు. ఎప్పుడూ మంచినే ఎంచుకునే స్వేచ్ఛాజీవులను దేవుడు సృష్టించి ఉండవచ్చు కదా అన్నది ఆయన ప్రశ్న. స్వేచ్ఛగా మంచి చేయమని ఎవరినైనా బలవంతపెట్టడం అనే మాటలోనే వైరుధ్యం ఉందని అమెరికన్ తత్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా 1974లో బదులిచ్చారు. స్వేచ్ఛ ఉన్నవాళ్లు ఏం చేస్తారన్నది కొంతవరకు వాళ్ల చేతిలోనే ఉంటుంది. దేవుడు ఎందుకు అనుమతించాడో తనకు తెలుసని ప్లాంటింగా అనలేదు. రెండు మాటలూ కలిసి ఉండటం అసాధ్యం కాదని మాత్రమే చూపించారు. మ్యాకీ చెప్పినట్టు అది పూర్తి వైరుధ్యం కాదని చాలామంది నాస్తిక తత్వవేత్తలు కూడా ఆ తర్వాత ఒప్పుకున్నారు.

అయితే తర్కం గెలిచినంత మాత్రాన పిల్లను పోగొట్టుకున్న తల్లికి జవాబు దొరికినట్టు కాదు. ఈ సంగతి ప్లాంటింగాకూ తెలుసు.

మరి సముద్రానికి ఏ స్వేచ్ఛ ఉంది?

సునామీ దగ్గరికి వచ్చేసరికి ఈ జవాబు తడబడుతుంది. సముద్రగర్భంలో భూమి పలకలు కదిలాయి. ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేదు.

ఇదీ కొత్త ప్రశ్న కాదు. 1755 నవంబరు 1న, సకల పునీతుల పండుగ నాడు, పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో జనం చర్చిలలో ఉండగా భూకంపం వచ్చింది. వెనకే సముద్రం పొంగింది. మంటలు అంటుకున్నాయి. సాధ్యమైన లోకాలన్నింటిలో ఇదే ఉత్తమమైనదని జర్మన్ తత్వవేత్త లైబ్‌నిజ్ 1710లో రాసిన మాటను ఫ్రెంచ్ రచయిత వోల్టేర్ ఈ విపత్తు తర్వాత ఎండగట్టారు.

అప్పుడూ ఇప్పుడూ ఇలాంటి సమయాల్లో వినిపించే ఒక జవాబు, ఇది పాపానికి శిక్ష అన్నది. ఇది క్రైస్తవులకే పరిమితమైన అలవాటు కాదు. 1934లో బిహార్ భూకంపం అంటరానితనం అనే పాపానికి శిక్ష అని గాంధీ అన్నప్పుడు, ఆ ఆలోచన అశాస్త్రీయమని రవీంద్రనాథ్ టాగోర్ బహిరంగంగానే విభేదించారు.

నిజానికి బైబిలే ఈ జవాబును గట్టిగా అడ్డుకుంటుంది. యోబు గ్రంథంలో, నువ్వు ఏదో పాపం చేసి ఉంటావని బాధితుడికి పాఠం చెప్పిన స్నేహితులను చివరికి దేవుడే తప్పుపడతాడు. లూకా సువార్త 13వ అధ్యాయంలో సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయిన సంఘటన వస్తుంది. వాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ పాపులేమీ కాదని యేసు స్పష్టంగా చెబుతాడు.

శిక్ష కాకపోతే మరేమిటి? ఇక్కడ క్రైస్తవ ఆలోచన మూడు పాయలుగా చీలుతుంది.

మొదటిది, మనిషి పతనంతో పాటు ప్రకృతి కూడా గాడి తప్పిందనే సంప్రదాయ జవాబు. మానవుడి కంటే కోట్ల ఏళ్ల ముందే భూకంపాలు ఉన్నాయని భూగర్భశాస్త్రం తేల్చాక దీన్ని అక్షరాలా నిలబెట్టడం కష్టమైంది. మనిషి కంటే ముందే పతనమైన అదృశ్య శక్తుల పని కావచ్చునని కొందరు అంటారు.

రెండోది, రెండో శతాబ్దపు ఐరేనియస్ ఆలోచనల నుంచి బ్రిటిష్ తత్వవేత్త జాన్ హిక్ 1966లో అభివృద్ధి చేసిన వాదం. మనిషి పరిపూర్ణుడిగా పుట్టి పడిపోలేదు, పసివాడిగా మొదలై ఎదుగుతున్నాడు. కష్టమే లేని లోకంలో ధైర్యం, కరుణ, ఓర్పు పుట్టవు. కాబట్టి ఈ లోకం ఆత్మలు రాటుదేలే చోటు. మరి రాటుదేలే వయసు కూడా రాకుండా కొట్టుకుపోయిన పసిపిల్లల మాటేమిటి? ఈ ప్రశ్నకు మరణం తర్వాత కూడా ఎదుగుదల సాగుతుందని, చివరికి అందరూ దేవుణ్ని చేరతారని హిక్ జవాబిచ్చారు. అంటే చెడుకు ఆయన చెప్పిన వివరణ నిలబడాలంటే శాశ్వత నరకం ఉండకూడదు.

మూడోది, వివరణే వద్దనడం. సునామీ తర్వాత వారంలోపే అప్పటి కాంటర్‌బరీ ఆర్చిబిషప్ రోవన్ విలియమ్స్ ఒక బ్రిటిష్ పత్రికలో వ్యాసం రాశారు. ఇలాంటి సమయంలో విశ్వాసం కుదుపుకు లోనవడం సహజమేనని, చక్కగా అమరిపోయే వివరణలు ఎవరినీ ఓదార్చవని ఆయన అన్నారు. అమెరికాకు చెందిన ఆర్థడాక్స్ క్రైస్తవ పండితుడు డేవిడ్ బెంట్లీ హార్ట్ ఇంకో అడుగు ముందుకేశారు. 2005లో వచ్చిన తన చిన్న పుస్తకం 'ద డోర్స్ ఆఫ్ ద సీ'లో, సునామీలో కుటుంబాన్ని పోగొట్టుకున్న ఒక శ్రీలంక తండ్రి గురించి పత్రికలో వచ్చిన కథనాన్ని ఆయన ప్రస్తావిస్తారు. ఇదంతా దేవుడి గొప్ప ప్రణాళికలో భాగం అని ఆ తండ్రి ముఖం మీద చెప్పగలమా? చెప్పలేని మాటను ఆయన లేనిచోట కూడా చెప్పకూడదని హార్ట్ వాదన. మరణం దేవుడి సాధనం కాదు, ఆయన శత్రువు. క్రైస్తవుడికి మిగిలేది దాని మీద ద్వేషం, పునరుత్థానం మీద ఆశ.

తెలుగులో 'నరకం' అంటే వేరు

ఇక రెండో ప్రశ్న. చెడు చేసినవాళ్ల సంగతేమిటి?

తెలుగు పాఠకులకు ఇక్కడ మొదటి చిక్కు మాటతోనే వస్తుంది. నరకం అనగానే యముడు, చిత్రగుప్తుడి చిట్టా, కుంభీపాకం గుర్తొస్తాయి. పురాణాల్లోని నరకం భయంకరమైనదే, కానీ దానికి గడువు ఉంది. చేసిన పాపం అనుభవించాక జీవుడు మళ్లీ జన్మ ఎత్తుతాడు. శ్రీలంకలో అత్యధికులు పాటించే బౌద్ధంలోనూ నరకం శాశ్వతం కాదు. భారతీయ సంప్రదాయంలో దీనికి మినహాయింపుగా కనిపించేది 13వ శతాబ్దపు మధ్వాచార్యులు. కొందరు జీవులకు శాశ్వత అంధతమస్సు తప్పదని ఆయన బోధించారు. అయితే అది ఆ జీవుల సహజ స్వభావం వల్ల వచ్చేదే తప్ప, మార్చుకోగలిగి ఉండీ మార్చుకోని నిర్ణయం వల్ల కాదు.

బైబిలులో కూడా నరకం అనే ఒకే మాట లేదు. హీబ్రూలో 'షియోల్' అంటే మంచివాళ్లూ చెడ్డవాళ్లూ అందరూ చేరే చీకటి చోటు. తెలుగు బైబిలు దీన్ని పాతాళము, మృతుల లోకము అంది. గ్రీకు 'హేడీస్' కూడా చాలాచోట్ల పాతాళమే. యేసు మాటల్లో వచ్చే 'గెహెన్నా'కు తెలుగు అనువాదకులు నరకము అనే మాట వాడారు. గెహెన్నా నిజానికి యెరూషలేము పక్కన ఉన్న హిన్నోము లోయ పేరు. పూర్వం కొందరు యూదా రాజులు తమ పిల్లలను అక్కడ అగ్నిలో బలి ఇచ్చారని పాత నిబంధన చెబుతుంది. క్రైస్తవ నరకం పేరు వెనక, పిల్లల మీద మనుషులే చేసిన ఘోరం ఉంది.

ఆ నరకం ఎలాంటిది, ఎంతకాలం ఉంటుంది అన్న విషయంలో క్రైస్తవులందరిదీ ఒకే మాట కాదు.

మొదటి అభిప్రాయం, అది అంతం లేని శిక్ష అన్నది. అగస్టీన్ 'దైవనగరం' గ్రంథంలో దీన్ని గట్టిగా సమర్థించారు. పాశ్చాత్య క్రైస్తవంలో చాలా శతాబ్దాల పాటు ఇదే ప్రధాన బోధ. తెలుగు ప్రాంతాల్లో సువార్త సభల వేదికల మీద ఎక్కువగా వినిపించేదీ ఇదే.

రెండోది, రక్షణ పొందనివాళ్లు చివరికి ఉనికే లేకుండా పోతారన్నది. అగ్ని కాల్చి బూడిద చేస్తుందే తప్ప ఎప్పటికీ హింసించదని వీళ్లు అంటారు. సెవెంత్ డే అడ్వెంటిస్టులది ఈ నమ్మకమే. బ్రిటిష్ ఇవాంజెలికల్ నాయకుడు జాన్ స్టాట్ 1988లో ఈ అభిప్రాయం వైపు మొగ్గు చూపించి తన శిబిరంలోనే దుమారం రేపారు.

మూడోది, చివరికి అందరూ రక్షణ పొందుతారన్నది. మూడో శతాబ్దపు అలెగ్జాండ్రియా పండితుడు ఓరిజెన్ పేరుతో ముడిపడిన ఈ ఆలోచనను 553 నాటి కాన్‌స్టాంటినోపుల్ మహాసభ కాలంలో ఖండించారు. దాదాపు ఇలాంటి ఆశనే వ్యక్తం చేసిన నిస్సాకు చెందిన గ్రెగరీని మాత్రం చర్చి నేటికీ పునీతుడిగానే గౌరవిస్తోంది.

కథోలికులు వీటికి తోడు 'ఉత్తరించు స్థలం' గురించి చెబుతారు. అది శాశ్వత నరకం కాదు. పరలోకానికి వెళ్లేవాళ్లు ముందుగా శుద్ధి పొందే దశ.

తలుపు ఎవరు వేశారు?

మంచి దేవుడు మనిషిని అంతం లేని నరకంలో ఎలా వేస్తాడు? ఆధునిక కాలంలో చాలా చర్చిలు ఇచ్చే జవాబు, ఆయన వేయడు, మనిషే వెళ్తాడు అన్నది. కథోలిక సత్యోపదేశం ప్రకారం, నరకం అంటే దేవుడి నుంచి మనిషి తనను తాను శాశ్వతంగా వేరు చేసుకోవడం. దేవుడు ఎవరినీ ముందుగా నరకానికి నిర్ణయించడు. నరకం ఒక చోటు అనడం కంటే, దేవుణ్ని తిరస్కరించినవాళ్ల స్థితి అనడం సరైనదని పోప్ జాన్ పాల్-2 1999లో వివరించారు. రచయిత సి.ఎస్.లూయిస్ 1945 నాటి తన కథ 'ద గ్రేట్ డివోర్స్'లో ఒక బస్సును ఊహించారు. నరకం లాంటి బూడిదరంగు ఊరి నుంచి అది జనాన్ని పరలోకపు అంచుకు తీసుకెళ్తుంది. ఎవరైనా అక్కడే ఉండిపోవచ్చు. కానీ తమ పగలు, తమ గొప్పలు వదులుకోలేక చాలామంది మళ్లీ అదే బస్సెక్కుతారు.

ఈ జవాబు దేవుణ్ని క్రూరుడనే నింద నుంచి కాపాడుతుంది. కానీ అంత స్వేచ్ఛ మనిషికి నిజంగా ఉందా?

1524లో డచ్ పండితుడు ఎరాస్మస్ ఉందన్నారు. మరుసటి ఏడాదే మార్టిన్ లూథర్ లేదన్నారు. పాపం వల్ల మనిషి సంకల్పం బందీ అయిందని, దేవుడి కృప లేకుండా అది మంచి వైపు కదలనే కదలదని లూథర్ వాదన. ఎవరు రక్షణ పొందుతారో, ఎవరు పొందరో దేవుడే ముందుగా నిర్ణయించాడని జాన్ కాల్విన్ బోధించారు. దీన్ని వ్యతిరేకించిన ఆర్మీనియస్ అనుచరుల వాదనలను 1618-19లో డోర్ట్ మహాసభ తిరస్కరించింది. 18వ శతాబ్దంలో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ మళ్లీ స్వేచ్ఛ పక్షాన నిలిచారు. దేవుడి కృప అందరికీ అందుతుందని, దాన్ని స్వీకరించడమో తోసిపుచ్చడమో మనిషి చేతిలో ఉందని ఆయన అన్నారు.

ఐరోపాలో పుట్టిన ఈ తగాదాలు మిషనరీలతో పాటు తెలుగు నేలకూ వచ్చాయి. గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు, హైదరాబాద్ మెథడిస్టులు, కథోలికులు, పెంతెకొస్తు సంఘాలు ఇరుగు పొరుగున ఉంటూ ఒకే తెలుగు బైబిలు మాటలకు వేర్వేరు వారసత్వాల నుంచి అర్థం చెప్పుకొంటాయి.

వినే అవకాశమే రానివాళ్ల మాటేమిటి?

ఆసియాలో ఈ చర్చకు ఇంకో కోణం ఉంది. ఎంచుకోవాలంటే ముందు తెలియాలి. క్రీస్తు పేరే వినకుండా చనిపోయిన తాతముత్తాతలు ఏమయ్యారు?

ఈ ప్రశ్న మిషనరీలను మొదటి నుంచీ వెంటాడింది. జపాన్‌లో కొత్తగా క్రైస్తవులైనవాళ్లు, చనిపోయిన తమ వాళ్లను నరకం నుంచి విడిపించే దారి లేదని విని ఏడ్చారని ఫ్రాన్సిస్ జేవియర్ 1552లో కొచ్చిన్ నుంచి రాసిన లేఖలో నమోదు చేశారు. చర్చి బయట ఉన్నవాళ్లకు శాశ్వతాగ్ని తప్పదని 1442లో ఫ్లోరెన్స్ మహాసభ ప్రకటించి ఉంది. జేవియర్ మోసుకొచ్చింది ఆ బోధనే.

తర్వాత కథోలిక చర్చి ఈ విషయంలో చాలా దూరం ప్రయాణించింది. తమ తప్పు లేకుండానే సువార్త తెలియనివాళ్లు, మనస్సాక్షి చెప్పినట్టు దేవుణ్ని వెతికితే రక్షణ పొందవచ్చునని రెండో వాటికన్ మహాసభ 1964లో చెప్పింది.

అయినా వివాదం ఆగలేదు. శ్రీలంక కథోలిక గురువు టిస్సా బాలసూరియ 1990లో మరియమాత గురించి రాసిన పుస్తకంలో జన్మపాపం సిద్ధాంతాన్ని ప్రశ్నించారు. పుట్టిన ప్రతి మనిషీ పాపంతోనే పుడతాడని, చర్చి ద్వారానే బయటపడతాడని అంటే ఆసియా ప్రజల్లో అత్యధికులను పక్కన పెట్టేసినట్టేనని ఆయన వాదన. 1997 జనవరిలో వాటికన్ ఆయన్ను చర్చి నుంచి వెలివేసింది. ఆ నిర్ణయం మీద ప్రపంచవ్యాప్తంగా విమర్శలు వచ్చాయి. ఏడాది తర్వాత రాజీ కుదిరి వెలి ఎత్తేశారు. బౌద్ధులు, హిందువులు, ముస్లింల మధ్య ఏడు శాతం వరకు మాత్రమే ఉన్న క్రైస్తవులకు ఇది పుస్తకాల చర్చ కాదు. ఇరుగు పొరుగు వాళ్లను ఏ కళ్లతో చూడాలన్న ప్రశ్న.

తెలిసీ ఎవరైనా నరకం కోరుకుంటారా?

సునామీ మీద పుస్తకం రాసిన హార్ట్, ఈస్టర్ దాడులు జరిగిన 2019లోనే మరో పుస్తకం తెచ్చారు. ఈసారి శాశ్వత నరకం మీద నేరుగా దాడి చేశారు. ఆయన వాదన స్వేచ్ఛ అంటే ఏమిటన్న దగ్గరే మొదలవుతుంది. విషం అని తెలియక తాగినవాడు స్వేచ్ఛగా చావును ఎంచుకున్నట్టు కాదు. మతి చలించి తాగినవాడూ అంతే. దేవుడే పరమ మేలు అయితే, ఆ మేలును పూర్తిగా తెలుసుకుని, పూర్తి వివేకంతో ఎవరూ శాశ్వతంగా కాదనలేరు. కాదన్నారంటే తెలియకపోవడమో, మనసు గాయపడి ఉండటమో కారణం. అలాంటి నిర్ణయానికి అంతం లేని శిక్ష వేస్తే అది న్యాయం కాదు.

ఆయన మరో మాట కూడా అంటారు. మనిషి ఒంటరి ద్వీపం కాదు. తన వాళ్లు నరకంలో ఉంటే తాను స్వర్గంలో ఎలా సుఖంగా ఉండగలడు? తెలుగు పాఠకులకు ఇక్కడ ధర్మరాజు గుర్తుకు రాక మానడు. మహాభారతం చివర, తమ్ముళ్లూ ద్రౌపదీ నరకంలో ఉన్నారని తెలిసి ఆయన స్వర్గం వద్దంటాడు, వాళ్లున్న చోటే ఉంటానంటాడు. బైబిలులో అపొస్తలుడైన పౌలు కూడా రోమీయులకు రాసిన పత్రికలో, తన జాతి వాళ్ల కోసం తాను క్రీస్తు నుంచి వేరైపోయినా సరేనని బాధపడతాడు.

దీనికి ఎదురువాదన కూడా బలమైనదే. మనిషి ఒకే తప్పును పదేపదే చేస్తూ, చివరికి అదే తానుగా మారిపోగలడని శాశ్వత నరకాన్ని సమర్థించేవాళ్లు అంటారు. తాగుడు మానాలన్న కోరిక కూడా చచ్చిపోయినవాడిని అందరూ చూసే ఉంటారు. అలాంటివాడికి కూడా చివరికి కాదనే అవకాశం లేదంటే, దేవుడి ప్రేమ ఒక రకమైన బలవంతం అయిపోతుంది. అందరూ తప్పకుండా రక్షణ పొందుతారని ముందే తేలిపోతే ఇక్కడి ఎంపికలకు అర్థం ఏమిటని వాళ్లు అడుగుతారు.

ఈ రెండింటికీ మధ్య ఒక ఇరుకు దారి ఉంది. నరకం ఉంది, అక్కడికి వెళ్లే ప్రమాదమూ ఉంది, అయినా అందరి కోసం ఆశ పడవచ్చు, ప్రార్థించవచ్చు అన్నది స్విస్ పండితుడు హన్స్ ఉర్స్ ఫాన్ బల్తాజార్ వాదన. పోప్ ఫ్రాన్సిస్ 2024 జనవరిలో ఒక ఇటలీ టీవీ కార్యక్రమంలో మాట్లాడుతూ, ఇది సిద్ధాంతం కాదని, తన సొంత ఆలోచన మాత్రమేనని ముందే చెప్పి, నరకం ఖాళీగా ఉందనుకోవడం తనకు ఇష్టమన్నారు. ఈ మాట మీద సంప్రదాయవాదులు మండిపడ్డారు. చాలామంది ఊపిరి పీల్చుకున్నారు.

అలను క్షమించలేరు

శ్రీలంకలో ఈ ప్రశ్నలు పుస్తకాల్లో ఆగిపోలేదు. దాడులు జరిగిన ఏడాదికి, 2020 ఈస్టర్ ప్రార్థనలో కొలంబో ఆర్చిబిషప్ కార్డినల్ మాల్కమ్ రంజిత్, తమను నాశనం చేయాలనుకున్నవాళ్లను క్షమించామని ప్రకటించారు. అదే కార్డినల్ ఆ తర్వాత ఏళ్ల తరబడి, దాడుల వెనక ఎవరున్నారో పూర్తిగా తేల్చాలని ప్రభుత్వాలను నిలదీస్తూ వచ్చారు. ముందుగా నిఘా హెచ్చరికలు అందినా దాడులను ఆపలేకపోయారంటూ శ్రీలంక సుప్రీంకోర్టు 2023 జనవరిలో మాజీ అధ్యక్షుడు మైత్రిపాల సిరిసేనను, ఉన్నతాధికారులను బాధ్యులను చేసింది. పరిహారంగా సిరిసేనను 10 కోట్ల శ్రీలంక రూపాయలు చెల్లించమంది.

క్షమించామన్నవాళ్లు న్యాయం కోసం పోరాడటం పైకి వైరుధ్యంగా కనిపించవచ్చు. కానీ రెండింటి కిందా ఉన్న నమ్మకం ఒకటే. వాళ్లు అలా చేయకుండా ఉండగలిగేవాళ్లు. ఆ నమ్మకం లేకపోతే కోర్టుకు పని లేదు, క్షమాపణకు అర్థమూ లేదు. సునామీ మీద ఎవరూ కేసు వేయలేదు. అలను క్షమించామని ఏ తల్లీ అనలేదు, అనలేదు కూడా.

స్వేచ్ఛ అనే జవాబు ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో బహుశా ఈ తేడాయే చెబుతోంది. సముద్రం ఎందుకు పొంగిందో అది వివరించలేదు. అంతం లేని శిక్షను అది ఒక్కటే సమర్థించగలదా అన్న దగ్గర క్రైస్తవ పండితులే చీలిపోయి ఉన్నారు. కానీ ఒక మనిషి ఇంకో మనిషికి చేసిన హాని విషయంలో మాత్రం అది గట్టిగా నిలబడుతుంది. చేసినవాడిని జవాబు చెప్పమని నిలదీసే హక్కును, వాడు ఇంకోలా మారగలడని ఆశించే అవకాశాన్ని అది బాధితులకు ఇస్తుంది.

2004లో సముద్రానికి కుటుంబాలను ఇచ్చుకున్న బట్టికలోవాలో, 2019లో పిల్లలను కోల్పోయిన తల్లిదండ్రులు ఇంకా పూర్తి నిజం కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. నరకం ఖాళీగా ఉందా, నిండుగా ఉందా అన్నది వాళ్లు దేవుడికి వదిలేయగలరేమో. ఆ పథకం ఎవరు వేశారు, తెలిసీ ఎవరు ఊరుకున్నారు అన్న ప్రశ్నలకు మాత్రం మనుషులే జవాబు చెప్పాలి.